జింక కన్నా ముందు అడవి

సినిమా తీసేవాళ్లు మా పోచారం జలాశయం కట్ట మీద కెమెరా పెట్టి మీట నొక్కితే చాలు, అడగని సంగతులన్నీ వాటంతటవే వచ్చి ఫ్రేములో కూర్చుంటాయి. నీటి మీద ఎండ తళుకు, అలుగు రాళ్లకు పట్టిన నాచు, దూరంగా గుట్టల నీలం, కరెంటు తీగ మీద వాలిన పిట్ట, నాగిరెడ్డిపేట వైపు పోయే ఆటో లేపిన దుమ్ము. యానిమేషన్ సినిమాలో అలా ఊరికే వచ్చేది ఏదీ లేదు. ఒక్క గడ్డిపోచ కావాలన్నా అది ఎండుదా పచ్చిదా, గాలికి ఎటు వంగింది, దాని నీడ నల్లగా పడుతుందా ఊదాగా పడుతుందా అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. సెకనుకు 24 బొమ్మల లెక్కన గంటన్నర సినిమాకు 1,29,600 ఫ్రేములు. అన్నింటిలోనూ ఉండేది ఎవరో ఒకరు తేల్చి పెట్టినదే.

అలా తేల్చేవాళ్లలో నేనూ ఒక మనిషిని. పని పేరు విజువల్ డెవలప్‌మెంట్. స్టూడియోలో అందరం విజ్‌డెవ్ అనే అంటాం. కథ ఇంకా పూర్తిగా కుదరకముందే మా బల్ల దగ్గర పని మొదలవుతుంది. రచయిత 'అడవి అంచున ఒక చెరువు' అని రాసి ముందుకు వెళ్లిపోతాడు. ఆ చెరువు ఎంత పెద్దది, కట్ట మట్టిదా రాతిదా, నీళ్లు ఏ నెలలో ఏ రంగులో ఉంటాయి, ఒడ్డున చెట్లు ఒంగి ఉంటాయా నిటారుగా ఉంటాయా, పిల్లవాడు మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు భయపడాలా సంబరపడాలా? వీటికి మాటలతో కాకుండా బొమ్మలతో జవాబు చెప్పాలి. ఒక చోటుకు డజన్ల కొద్దీ రూపాలు గీస్తాం. దర్శకుడు ఒకదాన్ని పట్టుకుంటాడు. అక్కడి నుంచి అది లేఅవుట్ వాళ్లకు, మోడలింగ్ వాళ్లకు, లైటింగ్ వాళ్లకు చేరి పదిమంది చేతుల్లో పెరుగుతుంది. మిగతావన్నీ ఫోల్డర్లలో ఉండిపోతాయి.

"నువ్వు గీసిన బొమ్మ సినిమల యాడొస్తది బిడ్డా?" అని మా అమ్మ అడుగుతుంది. నా చేత్తో గీసిన గీత ఒక్కటి కూడా తెర మీదికి రాదు. కానీ ఆ సినిమాలో సాయంత్రం ఎందుకు అంత ఎర్రగా ఉందో, ఆ ఇంటి కప్పు ఎందుకు అంత కిందికి దిగిందో నాకు తెలుసు. ఆమెకు అది అర్థమయ్యేలా చెప్పడానికి చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాను. ఈ వ్యాసం కూడా కొంత అందుకే.

నా చూపు తయారైంది పోచారంలో. ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో కట్టిన జలాశయం అది. 1922 నాటికి కట్ట లేచింది. అడవిని ఒకప్పుడు నిజాం వేటకు ఉంచుకున్నారు, తర్వాత అభయారణ్యమైంది. అటు మెదక్, ఇటు ఎల్లారెడ్డి, మధ్యలో టేకు, తునికి, మోదుగ, ఇప్ప. చుక్కల దుప్పులు, మనుబోతులు, కణితులు, ఎలుగుబంట్లు, ఎప్పుడో ఒకసారి చిరుత అడుగు. చలికాలంలో హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే బాతులు, తల వెనక రెండు నల్ల పట్టీలతో. చిన్నప్పుడు ఇవన్నీ నాకు ఊరి చుట్టూ ఉన్న సంగతులే తప్ప బొమ్మలు కావు. రంగులు పట్టుకుని తిరిగొచ్చాకే వాటిలో ఎంత ఉందో తెలిసింది.

మొదట తెలిసింది, ఎండాకాలంలో మా అడవి పచ్చగా ఉండదని. ఇది ఎంత చిన్న సంగతిలా వినిపిస్తుందో అంత పెద్దది. ప్రపంచంలో పిల్లలు చూసే కార్టూన్ అడవి ఎప్పుడూ పచ్చనిదే. తడిసి, నీడలు పరుచుకుని, లోపల పొగమంచు తేలుతూ ఉంటుంది. మాది ఆకు రాల్చే అడవి. శివరాత్రి దాటాక టేకు ఒక్కో ఆకూ వదిలేస్తుంది. అరచేతులు రెండు కలిపినా సరిపోనంత పెద్ద ఆకులు నేలంతా పరుచుకుంటాయి. వాటి మీద ఉడుత నడిచినా మనిషి నడిచినట్టు చప్పుడు. చెట్లన్నీ బూడిదరంగు గీతలుగా మిగిలినప్పుడు, ఆకు ఒక్కటి లేని మోదుగ మాత్రం కాషాయం కక్కుతూ నిలబడుతుంది. ఆ ఒక్క చెట్టు కోసం మిగతా అడవంతా తన రంగును తగ్గించుకుందా అనిపిస్తుంది. కలర్ డిజైన్ గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఈ ఒక్క చెట్టు ముందు తల వంచుతాయి.

మిట్టమధ్యాహ్నం ఆ అడవిలో రంగులు మాయమవుతాయి. ఎండ పైనుంచి నిట్టనిలువునా పడి అన్నింటినీ సున్నం కొట్టినట్టు చేస్తుంది. దుప్పి ఒంటి రంగు, ఎండుగడ్డి రంగు ఒకటే అయిపోతాయి. దాని మీది తెల్ల చుక్కలు కొమ్మల సందుల్లోంచి జారిన ఎండ ముక్కల్లో కలిసిపోతాయి. పది అడుగుల దూరంలో ఉన్నా కనబడదు. ముందు ఒక చెవి కదులుతుంది. తర్వాత కన్ను తెలుస్తుంది. ఆ తర్వాతే ఆ చెవి, ఆ కన్ను ఒక జంతువువని మెదడుకు ఎక్కుతుంది. వానాకాలంలో ఇదంతా తలకిందులు. పచ్చదనం మీద దుప్పి కుంకుమబొట్టులా దూరం నుంచే కనిపిస్తుంది. అంటే ఒకే జింకను రెండు రుతువుల్లో రెండు రకాలుగా డిజైన్ చేయాలి. ఒకదాంట్లో దాక్కునే జంతువు, ఇంకోదాంట్లో దొరికిపోయే జంతువు. కథ మారకుండానే కథ మారిపోతుంది.

ఒకసారి అక్కడ కూర్చుని గీస్తుంటే, గొర్రెలు తోలుకొచ్చిన ఒక పెద్దమనిషి నా వెనక నిలబడి స్కెచ్ బుక్‌లోకి తొంగిచూశాడు.

"దుప్పినా?" అన్నాడు.

"దుప్పే తాతా."

"గట్ల నిలవడదు బిడ్డా. దాని కన్ను నిన్ను సూడకముందే దాని చెవి నిన్ను సూస్తది. నువ్వు రెండు చెవులు ముంగటికే వెట్టినవ్. ఒకటి ముంగటికి, ఇంకోటి ఎనకకు వెట్టు."

అలాగే మార్చాను. బొమ్మలో ఉన్న జంతువు ఒక్కసారిగా వినడం మొదలుపెట్టింది. తర్వాత ఆయన నేను వేసిన చెట్ల వైపు చూసి, "గీ అడివి యాడిది?" అని అడిగి గొర్రెల వెంట పోయాడు. అది ఆయనకు ఊరికే వచ్చిన ప్రశ్న. నాకు మాత్రం వృత్తిలో ఇంతకన్నా అసలైన ప్రశ్న ఎవరూ వేయలేదు. ఎక్కడి అడవి?

ఇదే ప్రశ్నకు జవాబు వెతికిన ఒక మనిషి గురించి చెప్పాలి. టైరస్ వాంగ్ 1910లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టాడు. చైనావాళ్లను రానివ్వకూడదని అమెరికా చట్టం చేసుకున్న కాలంలో, పదేళ్ల ప్రాయంలో తండ్రి వెంట అక్కడికి చేరాడు. 1938లో డిస్నీ స్టూడియోలో చేరితే ఇన్‌బిట్వీనర్ పని ఇచ్చారు. ఒకరు గీసిన రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య ఉండే చిన్న చిన్న కదలికలను రోజంతా గీస్తూ కూర్చోవాలి. అప్పుడు స్టూడియోలో 'బాంబీ' తయారవుతోంది. జింకపిల్ల కథ. 'స్నో వైట్' లాగా ఆకు ఆకునూ విడివిడిగా గీస్తూ అడవి వేస్తే, ఆ ఆకుల్లో జింకలు కలిసిపోయి కంటికి ఆనడం లేదు. సంగతి విన్న వాంగ్ ఇంట్లో కూర్చుని చిన్న చిన్న చిత్రాలు గీశాడు. సాంగ్ వంశం నాటి చైనా ప్రకృతి చిత్రాలు ఆయనకు గురువులు. నాలుగు కుంచె దెబ్బలతో చెట్టు, చుట్టూ మంచు, మధ్యలో వెలుతురు పడిన చోట ఒక జింక. అవి చూసి ఆర్ట్ డైరెక్టర్ టామ్ కోడ్రిక్ ఆగిపోయాడు. సినిమా మొత్తం ఆ దారి పట్టింది.

1942లో 'బాంబీ' విడుదలైనప్పుడు తెర మీద ఆయన పేరు బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టుల్లో ఒకటిగా మాత్రమే వేశారు. అప్పటికే ఆయన ఉద్యోగం పోయింది. 1941లో స్టూడియోలో జరిగిన సమ్మె తర్వాత తీసేసినవాళ్లలో, సమ్మె చేయని వాంగ్ కూడా ఉన్నాడు. తర్వాత వార్నర్ బ్రదర్స్‌లో ఏళ్ల తరబడి సినిమాల కోసం గీశాడు. డిస్నీ వాళ్లు లెజెండ్ అని సత్కరించింది 2001లో, ఆయనకు తొంభై దాటాక. 2016 డిసెంబరులో, 106 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన బతుకు మా పనికంతటికీ పాఠం. తెర మీద కనబడే ప్రతి ఆకులో ఉంటాం, పేరు ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో నాకు బాధ లేదు. నన్ను పట్టి కుదిపేది వేరే సంగతి. ఆయన అమెరికా అడవిని చైనా కంటితో చూసి గీశాడు. పుట్టినచోటు నుంచి తెచ్చుకున్న చూపును పరాయి గడ్డ మీద, పరాయి కథలో పనికి పెట్టాడు. మరి సొంత గడ్డ మీద కూర్చుని పరాయి చూపుతో గీస్తున్న మన సంగతేమిటి?

'బాంబీ'కి పనిచేసిన ఇంకొకాయన మన దేశానికీ వచ్చాడు. క్లెయిర్ వీక్స్. మిషనరీ దంపతులకు ఇండియాలోనే పుట్టి, డిస్నీలో యానిమేటర్‌గా ఎదిగి, 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో మనవాళ్లకు పని నేర్పాడు. తర్వాతి కాలంలో భారతీయ యానిమేషన్ పితామహుడని పేరుపడ్డ రామ్‌మోహన్ అక్కడ నేర్చుకున్నవాడే. ఆ రోజుల్లో అక్కడ తయారైన చిత్రం 'ది బన్యన్ డీర్', జాతక కథ. చూడండి, మన దేశంలో ఈ కళ అడుగులు నేర్చుకున్నది కూడా జింక కాళ్ల మీదే.

జాతకాల జింకలు అంటే అజంతా. అది ఒకప్పుడు నిజాం రాజ్యంలోని చోటు. పోచారం కట్ట లేస్తున్న ఆ రోజుల్లోనే, 1920 నుంచి 1922 దాకా, నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించి అజంతా చిత్రాలను బాగుచేయించింది. నేను వెళ్లినప్పుడు ఒకటో గుహలో ఒక స్తంభం దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. స్తంభం తల భాగంలో నాలుగు జింకలు చెక్కి ఉంటాయి. నాలుగు ఒళ్లు, తల ఒక్కటే. ఏ ఒంటి వైపు నుంచి చూస్తే ఆ తల ఆ ఒంటిదే. ఒకటి పడుకుని ఉంది, ఇంకొకటి మెడ తిప్పింది, ప్రతి మెడా సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతుంది. ఆ శిల్పి ఉలి పట్టే ముందు ఎన్ని రకాలుగా గీసి చూసుకుని ఉంటాడో ఊహిస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ చెరిపేసిన బొమ్మలే విజ్‌డెవ్. అవి మనకు మిగలలేదు, స్తంభం మిగిలింది.

తెలుగు సినిమాలో ఈ పని కొత్తది కాదు. 'మాయాబజార్' సంగతే తీసుకోండి. 1957 మార్చిలో వచ్చిన ఆ సినిమాకు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళా దర్శకులు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్న చిత్రకారుడు గోఖలే, 'బల్లకట్టు పాపయ్య' లాంటి కథ రాసిన రచయిత కూడా. ఘటోత్కచుడి గద ఎంత లావు, కిరీటం ఎలా ఉండాలి, ద్వారక మేడలు ఆకాశానికి ఎలా లేవాలి, ఇవన్నీ ముందు కాగితం మీద పుట్టినవే. చంద్రుణ్నీ వెన్నెలనూ సెట్టులో పుట్టించిన మార్కస్ బార్ట్‌లీ కెమెరా గురించి అందరం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ కెమెరాకు చూడటానికి ఒక లోకం ఇచ్చిన కాగితాల గురించి కూడా అంత ప్రేమగా చెప్పుకోవాలని నా కోరిక. ఆ సినిమాకు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు అర్ధశతాబ్దం దాటాక, 2008లో, అదే ఘటోత్కచుణ్ని యానిమేషన్ సినిమా చేశారు. ఆయన అటువైపు నడవడం నాకు ఏమాత్రం ఆశ్చర్యంగా అనిపించదు.

బాపుగారు తన సినిమాలను షాట్ తర్వాత షాట్ బొమ్మలుగా వేసుకున్నాకే సెట్టుకు వెళ్లేవారు. అంతకన్నా నాకు దగ్గరిది బి. నర్సింగరావు తీసిన 'దాసి', 1988 నాటి సినిమా. తెలంగాణ దొరల గడి కథ. కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం, ఆ పనికి జాతీయ పురస్కారం వచ్చింది. కాన్వాసు మీద ఎర్రచీరలు, పెద్ద బొట్లు వేసిన ఆ చేయి గడి గదులకు కావలసిన మసకను పట్టుకుంది. అందరికీ తెలిసిన తన రంగులను పక్కన పెట్టి కథకు కావలసిన రంగును ఇవ్వడం, మా పనిలో అన్నింటికన్నా కష్టమైనది అదే. ఇక మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ చెక్కిన గీతలు చూడండి. ఆయన మేకలు, తుప్పలు, బండల మధ్య మనుషులు. నలుపు తెలుపుల్లోనే మా నేల ఎంత గరుగ్గా ఉంటుందో చేతికి తగులుతుంది. పోచారం అడవిని యానిమేషన్‌లోకి తేవాలంటే నేను టైరస్ వాంగ్ తర్వాత తెరిచే పుస్తకం లక్ష్మాగౌడ్‌దే.

'ఈగ' గురించి కూడా ఒక మాట. 2012లో వచ్చిన ఆ సినిమాకు మొదట నిజం ఈగలాగే తయారుచేసిన బొమ్మ చూడ్డానికి వికారంగా వచ్చింది. పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ముఖంలో కండరాలు లేని పురుగుకు కోపం, ప్రేమ ఎక్కడ కనబడాలి? నడకలో, తల వంపులో, రెక్క విదిలింపులో కనబడేలా చేశారు. ఆ మళ్లీ మొదలుపెట్టిన రోజుల్లోనే సినిమా నిలబడింది. హైదరాబాద్‌లో విజ్‌డెవ్ పని తెలియదనేవాళ్లకు నేను ఈ సినిమానే చూపిస్తాను.

చేతనయిన మనుషులు ఉన్నారు, ఊరు ఉంది. 2001లో మొదలైన గ్రీన్ గోల్డ్ స్టూడియో నుంచి 2008లో 'ఛోటా భీమ్' వచ్చి దేశంలోని పిల్లలందరి నోళ్లలో నానింది. డీక్యూ స్టూడియో చేసిన 'జంగిల్ బుక్' సీరియల్ ఎన్నో దేశాలు చూశాయి. అంటే మోగ్లీ హైదరాబాద్‌లో నడక నేర్చాడు. గర్వంగానే ఉంటుంది. కానీ చాలా కాలం మన స్టూడియోలకు వచ్చిన పనిలో మొదటి బల్ల వేరే దేశంలో ఉండేది. అక్కడ తేల్చేవాళ్లు, ఇక్కడ కదిలించేవాళ్లు. పాత్ర ఎలా ఉండాలో, అడవి ఏ రంగులో ఉండాలో ఫైళ్లలో వచ్చేది. వేలమంది తెలుగు పిల్లలు అద్భుతంగా కదిలించారు. తేల్చే అలవాటు మాత్రం మన చేతికి ఆలస్యంగా వచ్చింది, ఇంకా పూర్తిగా రాలేదు. ఛోటా భీమ్ ఉండే డోలక్‌పూర్ నాకూ ఇష్టమే. అది ఏ రాష్ట్రపు ఊరో దాని మట్టి చూసి చెప్పగలరా? ఆ మట్టి ఒక ఊరి మట్టి అయి ఉంటే భీముడు ఇంకా గట్టిగా నిలబడేవాడని నా నమ్మకం.

ఒక స్టూడియోలో పనిచేస్తున్నప్పుడు, జింక దాహంతో తిరిగే ఎండాకాలపు సన్నివేశానికి మా అడవినే ఇచ్చాను. బూడిదరంగు కొమ్మలు, తుప్పురంగు నేల, వెలిసిన ఆకాశం, ఒక్క మోదుగ. సమీక్షలో చూసినవాళ్లు బాగుందన్నారు, తర్వాత పచ్చగా మార్చమన్నారు. పిల్లలకు అడవి అంటే పచ్చదనమేనట, బయటి మార్కెట్లో ఎండిన అడవి అర్థం కాదట. నేను వాదించాను. దాహం కథలో పచ్చటి అడవి ఉంటే దాహం ఎవరు నమ్ముతారు? మాట నెగ్గలేదు. సినిమాలో జింక పచ్చిక మధ్య నిలబడి దాహంతో అలమటిస్తుంది. ఆ సన్నివేశం వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పిల్లలను తక్కువ అంచనా వేశాం. ఎల్లారెడ్డి పిల్లకైనా ఏలూరు పిల్లకైనా మే నెల అంటే ఏమిటో బాగా తెలుసు.

మా పనిలో కలర్ స్క్రిప్ట్ అని ఒకటి ఉంది. సినిమా మొత్తాన్ని చిన్న చిన్న రంగు ముక్కలుగా ఒకే వరసలో పరుస్తాం. మనుషుల ముఖాలు కూడా అందులో సరిగా ఉండవు, రంగూ వెలుతురూ మాత్రమే. కథ తెలియనివాడు చూసినా ఎక్కడ పెళ్లి, ఎక్కడ చావు, ఎక్కడ మళ్లీ తెల్లవారింది అని చెప్పగలగాలి. 1995లో 'టాయ్ స్టోరీ'కి రాల్ఫ్ ఎగిల్‌స్టన్ పాస్టెల్ రంగులతో ఆ పని చేసి ఎంతోమందికి దారి చూపాడు. అంతకు ఎంతో ముందు నుంచే మన చేర్యాల నకాషీ చిత్రకారులు తరతరాలుగా మూరల కొద్దీ గుడ్డ మీద కథను గడులు గడులుగా పరిచి, అన్నింటికీ వెనక ఎరుపు పూసి, కులపురాణం చెప్పేవాళ్ల చేతికి ఇచ్చారు. ఆ ఎరుపు కథ మొదలుకాకముందే తీసుకున్న నిర్ణయం.

పోచారం ఏడాది మొత్తం నాకు ఒక కలర్ స్క్రిప్ట్. తొలకరికి చల్క నేల ఎరుపు ఒక్కరాత్రిలో ముదిరి రక్తం గడ్డకట్టినట్టవుతుంది. వాగులు దిగాక నీళ్లు మట్టిరంగు, ఆకాశం సీసం రంగు, వాటి మధ్య వరి నాట్ల పచ్చ ఎంత పదునుగా ఉంటుందంటే పక్కన కొంచెం బూడిదరంగు వేస్తే గాని కన్ను ఓర్చుకోదు. బతుకమ్మ నాటికి తంగేడు పసుపు, గునుగు తెలుపు. కార్తీకంలో నీళ్లు తేరుకుని నీలమవుతాయి. సంక్రాంతి పొద్దుల్లో కట్ట మీద మంచు, చెరుకు తోటల మీద లేత ఊదా. తర్వాత నీళ్లు వెనక్కి జరిగే కొద్దీ ఒడ్డున బురద నెర్రెలు విచ్చుతుంది, మోదుగ మొదలవుతుంది. ఏ రంగూ ఊరికే రాదు, ముందు రంగుకు జవాబుగా వస్తుంది.

వెలుతురు నేర్పిన చోటు ఇంకొకటి ఉంది, కట్ట నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే మెదక్ చర్చి. 1924 క్రిస్మస్ నాడు తెరుచుకున్న ఆ కట్టడంలో రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా వెలుగుతాయి. కిటికీ మారదు, బయట సూర్యుడు మారతాడు. లైటింగ్ విభాగంలో కొత్తగా చేరే పిల్లలకు నేను ఆ కిటికీల కథే చెబుతాను.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కుండపోతగా కురిసింది. పోచారానికి ఎన్నడూ చూడని వరద వచ్చింది. వందేళ్లు దాటిన కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు వణికిపోయాయి. నేను హైదరాబాద్‌లో ఫోన్లో ఆ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన ఆ దృశ్యంలో ఎప్పుడూ ఒక గీత ఉండేది, కట్టకూ నీటికీ మధ్య. ఆ రోజు ఆ గీత చెరిగిపోయింది. అంతా ఒకే గోధుమరంగు, ఎక్కడ రాయి మొదలైందో ఎక్కడ నీరు ఆగిందో తెలియని రంగు. భయాన్ని గీయమంటే మేం నలుపు వైపు చేయి చాస్తాం. అసలు భయం పట్టపగలు, గోధుమరంగులో, అంచులు పోయినప్పుడు వచ్చింది. కట్ట నిలబడింది. ఆ పాత రాళ్లు పేర్చిన పేరు తెలియని మేస్త్రీలకు, కూలీలకు ఆ రోజు ఎన్ని ఇళ్లు రుణపడ్డాయో!

ఇప్పుడు మాట చెబితే బొమ్మ ఇచ్చే యంత్రాలు వచ్చాయి. 'తెలంగాణ ఎండాకాలపు అడవి, చుక్కల దుప్పి' అని నేనూ అడిగి చూశాను. వచ్చింది పచ్చటి అడవి. లోపల పొగమంచు, జింక రెండు చెవులూ ముందుకే. అందరూ ఇంతకుముందు గీసినవాటి సగటు అది. మన అడవిని ఎవరూ సరిగా గీయకపోతే యంత్రానికి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? కోపం తెచ్చుకోవలసింది యంత్రం మీద కాదు. గీయవలసిన కొండంత పని మన ముందే ఉంది. మోదుగ పూసిన వారం, వాగు దిగిన పూట, గొర్రెల మంద వెనక దుమ్ములో సాయంత్రం, ఇవి ఎవరి ఫోల్డర్లోనూ ఇంకా లేవు.

మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌లో డిగ్రీ ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశపరీక్ష రాసి చేరవచ్చు. ఎల్లారెడ్డిలో, నాగిరెడ్డిపేటలో, లింగంపేటలో నోట్‌బుక్కుల చివరి పేజీల్లో బొమ్మలు గీసే పిల్లలకు ఆ సంగతి ఎవరైనా చెప్పండి. ఇంజనీరింగ్ ఫారం నింపేముందు చెప్పండి.

హైదరాబాద్‌లో స్టూడియోలు నడిపేవాళ్లకు నా విన్నపం కూడా ఒకటే. అడవి కథ ఒప్పుకున్న రోజే మీ విజ్‌డెవ్ పిల్లలను మెదక్ బస్సు ఎక్కించండి. అక్కడి నుంచి పోచారం ఎంతో దూరం లేదు. మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పంపండి. పుస్తకం, రంగులు, నీళ్ల సీసా చాలు. ఫోన్ కెమెరా ఆఖరి రోజు వరకు బయటికి తీయొద్దని చెప్పండి. ఆ రోజుల జీతం కోయకండి, అది పనే. వాళ్లు గీసుకొచ్చిన అడవిలో జింక కనబడకపోతే జింకను పెద్దది చేయమని అడగకండి. కాసేపు చూడండి, చెవి కదులుతుంది.